మూడో ఏటి లెక్క: దక్షిణ ఒడిశా తెలుగువారు దానధర్మాలు చేయవలసిన తీరు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు దానం చేయడం ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. ఎండలు ముదిరితే వీధి మొగలో చలివేంద్రం వెలుస్తుంది, ఠాకురాణి అమ్మవారి యాత్రకో కార్తీక మాసానికో అన్నదానం జరుగుతుంది, కాలం చేసిన పెద్దల పేరిట బడికి బెంచీలు, ఆసుపత్రికి ఫ్యాన్లు చేరుతాయి. ఇచ్చిన తరువాత వాటిని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నను మాత్రం మనం ముందుగా వేసుకోము. కొండ గూడెంలో వేయించిన చేతిపంపు వాషరు అరిగిన రోజున ఆగిపోతుంది. వానాకాలంలో ఫొటోలతో సహా నాటిన మొక్కలు మాఘం నాటికి మేకల పాలవుతాయి. సోలారు దీపం బ్యాటరీ పోయిన తరువాత స్తంభం ఒక్కటే దాత పేరుతో నిలిచి ఉంటుంది. అందువల్ల మనుషులకైనా, నేలకూ నీటికీ అయినా మేలు చేయదలచినవారు సొమ్ము ఎంత అని లెక్క వేసుకునే ముందే, మూడో ఏట దీని ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడం ఎలాగో, జవాబు దొరికిన తరువాత డబ్బు ఎలా ఇవ్వాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

ఎక్కడ, ఎవరికి

మన ప్రాంతంలో అవసరాలు నేలను బట్టి మారుతాయి. గంజాం తీరంలో గంగపుత్రుల పల్లెలకు సముద్రం కోత, తుపాను, వేట లేని నెలలు పెద్ద కష్టాలు. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లోని సవర, ఖోండు, పరజ గూడేలకు తాగునీరు, దారి, వైద్యం, కోతలు రాకముందు వచ్చే ఆకలి నెలలు కష్టాలు. పట్టణాలలో చెత్త, మురుగు, దిక్కులేని ముసలితనం. ఈ మూడింటిలో మీకు నిజంగా తెలిసినది, ఏడాదిలో ఒకటి రెండుసార్లు స్వయంగా వెళ్లి చూడగలిగినది ఒక్కటి ఎంచుకోవడం మంచిది. పది చోట్ల వెయ్యేసి రూపాయలు ఇచ్చిన దాత దేని సంగతీ తెలుసుకోలేడు. ఒకే చోట మూడేళ్లపాటు ఇచ్చేవాడికి ఆ ఊరి మనుషుల పేర్లు తెలుస్తాయి, పని ఆగితే కబురు అందుతుంది.

ఎంచుకున్న ఊరికి వెళ్లినప్పుడు మాట్లాడే ఓపిక కంటే వినే ఓపిక ఎక్కువ కావాలి. దీనికి మన ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో సవరలకు చదువు చెప్పాలని సంకల్పించి, ముందుగా వారి భాషను తాను నేర్చుకొని, ఆ భాషలో పుస్తకాలు సిద్ధం చేసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. మనలో చాలామంది మన వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్నే తలచుకుంటాము గాని, దాత ఎలా ఉండాలో నేర్చుకోవడానికి ఆయన సవరల మధ్య చేసిన పనే ఎక్కువ ఉపయోగపడుతుంది. అందరమూ సవర భాష నేర్చుకోలేకపోవచ్చు. కానీ ఆ భాష, ఒడియా రెండూ వచ్చిన స్థానికుడిని వెంట తీసుకువెళ్లడం, పల్లె పెద్దతోనే మాట్లాడి వెనుదిరగకుండా నీళ్లు మోసే ఆడవారితోనూ మాట్లాడడం ఎవరైనా చేయగలిగిన పనులే.

అక్కడ అడగవలసినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. ఇంతకు ముందు దాతలు ఇచ్చినవి ఏవి, అవి ఇప్పుడు ఎలా ఉన్నాయి? సంవత్సరంలో ఏ నెల గడవడం కష్టం? ఊళ్లో జబ్బు చేస్తే ముందు ఎక్కడికి వెళతారు, ఎంత ఖర్చవుతుంది? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబే చాలావరకు దారి చూపిస్తుంది. పాడైపోయిన పాత పంపు పక్కనే కొత్త పంపు వేయించడం కంటే, పాతదాన్ని బాగు చేయించి ఊళ్లోని ఇద్దరు యువకులకు మరమ్మతు నేర్పించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం నిలుస్తుంది. దాని మీద శిలాఫలకం పెట్టుకునే వీలుండదు, అంతే.

సంస్థను పరీక్షించడం

స్వయంగా చేయలేని పనిని సంస్థల ద్వారా చేయించాలి. సంస్థ కాగితాలు చూడడం మొదటి మెట్టు. అది 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగానో, ట్రస్టుగానో, 2013 నాటి కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగానో నమోదై ఉండాలి. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు, నమోదు సంఖ్య, నిర్వాహకుల వివరాలు ఉన్నాయేమో ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అయితే ఆ పోర్టల్‌లో పేరు ఉండడం సంస్థ ఉన్నదనడానికి ఆధారమే తప్ప మంచి పని చేస్తున్నదనడానికి హామీ కాదు. గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు అడగండి. ఇవ్వడానికి సందేహించే సంస్థతో వాదన పెట్టుకోనక్కరలేదు, నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు.

కాగితాలు చెప్పని సంగతులు పొలంలోనో ఊళ్లోనో తెలుస్తాయి. సంస్థవారు సాధారణంగా కొత్తగా పూర్తయిన పనినే చూపిస్తారు. మీరు మూడు నాలుగేళ్ల కిందట పూర్తయిన పనిని చూపించమని అడగండి. వారు ఏ ఊరు ఎంచుకుంటారో, ఆ ఊరివాళ్లు వారిని ఎలా పలకరిస్తారో గమనించండి. కార్యకర్తలు ఎన్నేళ్లుగా అక్కడే పనిచేస్తున్నారో, వారిలో ఆ గూడేలలో పుట్టినవారు ఎందరో తెలుసుకోండి.

జీతాల విషయంలో మనవారికి ఒక అపోహ ఉంది. "నా రూపాయి మొత్తం పేదవాడికే చేరాలి, సిబ్బందికి ఒక్క పైసా పోకూడదు" అంటారు. కొండ మీద పదిహేను గూడేలు తిరిగి గర్భిణుల పేర్లు నమోదు చేసే అమ్మాయి జీతమే ఆ సేవ. ఆమెకు జీతం లేకపోతే మీరు కొనిచ్చిన మందుల పెట్టె గోదాములో ఉంటుంది. జీతాలు, ప్రయాణాలు, లెక్కలు రాయడం మీద అసలు ఖర్చే లేదని చెప్పే సంస్థను నేనైతే ఎక్కువ అనుమానంతో చూస్తాను. ఖర్చు ఎంతో దాచకుండా చెప్పి, దానివల్ల ఏ పని జరిగిందో చూపించే సంస్థ నమ్మదగినది.

నీళ్లు: గ్రామం తన వాటా పెట్టుకున్నప్పుడు

మూడో ఏటి ప్రశ్నకు జవాబు ఎలా ఉండాలో చూడాలంటే బరంపురానికి దగ్గరలోని మొహుదా నుంచి పనిచేసే గ్రామ వికాస్ సంస్థ పద్ధతిని తెలుసుకోవాలి. 1971 తుపాను తరువాత సహాయం కోసం మద్రాసు నుంచి ఒడిశాకు వచ్చిన విద్యార్థులలో కొందరు ఇక్కడే ఉండిపోయి, గంజాం జిల్లా ఆదివాసీ గ్రామాలలో పని మొదలుపెట్టి, 1979లో ఆ సంస్థను నమోదు చేశారు. 1990లలో వారు తాగునీరు, మరుగుదొడ్ల కార్యక్రమం చేపట్టినప్పుడు పెట్టిన నియమం విశేషమైనది. ఊళ్లోని ప్రతి కుటుంబమూ, కులం, ఆస్తి అనే తేడా లేకుండా, అంగీకరిస్తేనే పని మొదలవుతుంది. ఒక్క ఇల్లు బయట ఉన్నా పని ఆగుతుంది. కుటుంబానికి సగటున వెయ్యి రూపాయల చొప్పున గ్రామ నిధి పోగు చేసి బ్యాంకులో వేయాలి. ఉన్నవారు ఎక్కువ, లేనివారు తక్కువ వేస్తారు. ఆ నిధి మీద వచ్చే వడ్డీతో, తరువాత కొత్తగా కాపురం పెట్టే కుటుంబాలకు కూడా అదే సదుపాయం కల్పిస్తారు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాల గది, కుళాయి, అన్నీ ఒకేసారి అమరుతాయి.

దాత దృష్టితో చూస్తే ఈ నియమం చాలా నెమ్మదిగా సాగుతుంది. ఊరంతా ఒప్పుకోవడానికి నెలలు, కొన్నిచోట్ల ఏళ్లు పడుతుంది. ఈలోగా దాత విసుగెత్తి మరోచోట బోరు వేయించి బోర్డు పెట్టుకోవచ్చు. కానీ ఒక ఇంటివాళ్లు ఆరుబయటికి వెళ్లినా చెరువు నీరు అందరికీ పాడవుతుంది గనుక, అందరూ చేరడమన్న షరతు మర్యాద కోసం పెట్టినది కాదు, ఆరోగ్యం కోసం పెట్టినది. నిధి ఊరిదే గనుక పైపు పగిలిన రోజున దాతకు ఫోను చేయవలసిన అగత్యం లేదు.

మీరు ఏ సంస్థకు ఇచ్చినా, స్వయంగా చేయించినా, ఈ పద్ధతిలోని సారాన్ని తీసుకోవచ్చు. బావికో, పంపుకో డబ్బు ఇచ్చే ముందు పల్లి సభలో (ఊరివారందరి సభలో) మరమ్మతు నిధి గురించి తీర్మానం జరగాలని, ఒడిశా ప్రభుత్వ మిషన్ శక్తి కార్యక్రమం కింద ఊళ్లో నడిచే మహిళా సంఘం పేరిట ఖాతా తెరవాలని, దానిలో ఊరివారి వాటా ఎంత చిన్నదైనా పడాలని షరతు పెట్టండి. మీ సొమ్ములో కొంత భాగాన్ని ఆ ఖాతాకే కేటాయించండి.

మొక్కలు, విత్తనాలు, విస్తరాకులు

మొక్కలు నాటడం చవక, పెంచడం ఖరీదు. వెయ్యి మొక్కలకు డబ్బు పోగు చేసిన సంఘం వంద మొక్కలే కొని, మిగిలిన సొమ్మును కంచెకు, రెండు వేసవుల నీళ్లకు, చూసే మనిషి కూలికి పెట్టడం మేలు. జూన్, జూలైలలో తొలకరి పడిన తరువాత నాటాలి. మార్చి నుంచి మే దాకా నీరు పోసేదెవరో నాటక ముందే నిశ్చయించాలి. ఏ చెట్టన్నది ఆ ఊరివాళ్లే చెప్పాలి. కొండల్లో చింత, పనస, ఇప్ప, మామిడి, కరక్కాయ చెట్లకు తినే పనికో అమ్మే పనికో విలువ ఉంది గనుక జనం వాటిని కాపాడుకుంటారు. నీలగిరి మొక్కలు ఉచితంగా పంచితే తీసుకుంటారు గాని, వాటి కింద ఏదీ పండదని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. తీరంలో కానుగ, పొన్న, తాటి, మొగలి నేలను పట్టి ఉంచుతాయి. మొగలి పూలు గంజాం జిల్లాకు ఆదాయం తెచ్చే పంట కూడా.

కొత్త చెట్ల కంటే పాత విత్తనాలను నిలబెట్టడం మన ప్రాంతంలో మరింత అవసరమైన సేవ అని నా అభిప్రాయం. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. జయపురం దగ్గరి పల్లెలో ఉండిన పరజ మహిళ కమలా పూజారి వందకు పైగా దేశీ వరి రకాలను సేకరించి కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె 2024లో మరణించారు. జయపురంలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కేంద్రం ఆమెవంటి రైతులతో కలిసి ఊరుమ్మడి విత్తన నిధులను నడిపించింది. విత్తన నిధికి కావలసినది ఒక పొడి గది, గాదెలు, తూకం, లెక్క రాసే మనిషి. అప్పుగా తీసుకున్న విత్తనాన్ని కోతల తరువాత కొంత కలిపి తిరిగి ఇస్తారు గనుక మొదటి ఖర్చు తప్ప దాత మీద భారం తక్కువ. కోరాపుట్ కాలాజీర బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెళ్లిళ్లకు, వ్రతాలకు ఆ బియ్యాన్ని రైతు సంఘాల దగ్గర న్యాయమైన ధరకు కొనడం కూడా ఈ పనికి అండగా నిలవడమే.

అన్నదానం చేసేవారికి ఇక్కడే ఒక సూచన. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు నిషిద్ధం. అయినా మన అన్నదానాల మరునాడు వీధి కాలువ చూస్తే ఆ సంగతి ఎవరికీ తెలియదనిపిస్తుంది. గజపతి, రాయగడ, కోరాపుట్ అడవుల్లో ఆడవారు కోసుకువచ్చి కుట్టే అడ్డాకు విస్తర్లు (ఒడియావారు సియాళీ ఆకులంటారు) ఈ అవసరానికి తగినవి. వేయిమంది భోజనానికి కావలసిన విస్తర్లను నెల ముందుగా మహిళా సంఘానికి చెప్పి, సగం డబ్బు ముందే ఇచ్చి, దళారి లేకుండా తెప్పించుకుంటే, అన్నం తిన్నవారితో పాటు ఆకు కుట్టినవారి ఇంట్లోనూ ఆ వారం పొయ్యి వెలుగుతుంది. ఎంగిలి ఆకులు ఎరువు గుంటలోకి పోతాయి. చోడి (రాగి) అంబలి, చోడి లడ్డు వడ్డిస్తే కొండ రైతు పంటకు కూడా గిరాకీ పెరుగుతుంది.

రుషికుల్య ఒడ్డున

మనిషికీ ప్రకృతికీ చేసే మేలు ఒకదానికొకటి అడ్డం రావచ్చునని అర్థం కావాలంటే రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాలి. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెడతాయన్న సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి 1994లో వచ్చింది. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇది జరుగుతుంది. కొన్నేళ్లు అసలు రావు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. గుడ్లు సుమారు నెలన్నర తరువాత పిగిలి, పిల్లలు రాత్రివేళ వెలుతురు కనిపించే దిక్కుగా పాకుతాయి. సముద్రం మీది కాంతి కంటే వీధి దీపాలు, హోటళ్ల దీపాలు ఎక్కువగా ఉంటే అవి ఊరివైపు నడిచి చచ్చిపోతాయి.

ఈ తాబేళ్ల రక్షణ కోసం ధామరా, దేవి, రుషికుల్య నదుల ముఖద్వారాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట మీద ప్రభుత్వం నిషేధం విధిస్తుంది. ఏడు నెలలు! ఆ తీరంలోని జాలరి, వాడబలిజ మత్స్యకారుల పల్లెలలో చాలావాటిలో ఇంటి భాష తెలుగే. పొడంపేట వంటి పల్లెను సముద్రం కోసుకుపోతే జనం ఇళ్లు వదిలి లోపలికి తరలవలసి వచ్చింది. అదే జనంలోని యువకులు దశాబ్దాలుగా రాత్రుళ్లు తీరం కాపలా కాస్తూ, దారి తప్పిన తాబేలు పిల్లలను ఏరి నీటిలో వదులుతున్నారు. పట్టణంలో ఉన్నవారు తాబేళ్ల బొమ్మ ఉన్న చొక్కా కొని తృప్తి పడడం వల్ల వీరికి ఒరిగేదేమీ లేదు.

సహాయం చేయదలచినవారు ముందుగా అక్కడి స్థానిక రక్షణ సంఘాలను కలిసి, కాపలా కాసేవారికి టార్చీలు, వలతెరలు, రాత్రి భోజనం, కూలి వంటి వాటిలో ఏది అవసరమో అడిగి ఇవ్వాలి. వేట లేని నెలల్లో ఆ కుటుంబాల పిల్లల బడి ఫీజులకు, ఆడవారి ఎండుచేపల వ్యాపారానికి పెట్టుబడిగా ఇచ్చే సొమ్ము తాబేళ్లకు ఇచ్చిన సొమ్ము కాదని అనుకోవద్దు. వేటకు వెళ్లక గడవని ఇల్లు నిషేధాన్ని ఎంతకాలం పాటిస్తుంది? గోపాల్‌పూర్, గంజాం తీరంలో ఇల్లో, హోటలో ఉన్నవారు ఫిబ్రవరి నుంచి మే వరకు సముద్రం వైపు దీపాలు ఆర్పడం లేదా కిందికి తిప్పడం డబ్బు ఖర్చు లేని సేవ. గుడ్లు పెట్టే రోజుల్లో గుంపుగా చూడడానికి వెళ్లవద్దు, సెల్‌ఫోను వెలుతురు వేయవద్దు, తాబేలు పిల్లలను చేతిలో పట్టుకుని ఫొటోలు దిగవద్దు. ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. అటవీ శాఖ అనుమతి లేకుండా స్వచ్ఛంద సేవ పేరిట కూడా దానిని తాకకూడదు.

అక్టోబరుకు ముందే

1999 అక్టోబరు 17న గంజాం తీరాన్ని తాకిన తుపాను, 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను వరదలు, కొండచరియలతో ముంచిన తిత్లీ, ఈ మూడూ ఒకే నెలలో వచ్చాయి. అయినా మనం ప్రతిసారీ గాలి తగ్గిన తరువాతే చందాలు మొదలుపెడతాము. సెప్టెంబరులోనే ఒక సంఘంగా కూడి, టార్పాలిన్లు, దోమతెరలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్లలు, తాళ్లు కొని ఒకచోట ఉంచితే, ధర పెరగక ముందే సరుకు చేతిలో ఉంటుంది. ఎవరి వ్యాను, ఎవరి డ్రైవరు, ఏ బ్లాకు అధికారితో మాట్లాడాలి అన్నవి కూడా అప్పుడే రాసి పెట్టుకోవాలి.

పాత బట్టలు పంపడం దయచేసి మానుకోవాలి. తడిసిన బట్టల మూటలు దారి పక్కన కుళ్లడం ప్రతి తుపాను తరువాత కనిపించేదే. చినిగిన చీరను అడవిలో ఉండేవారైతే కట్టుకుంటారులే అనుకోవడం దానం కాదు. ఇవ్వాలంటే కొత్త లుంగీలు, నైటీలు, దుప్పట్లు, ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు ఇవ్వండి. మొదటి వారంలో రోడ్డు పక్క ఊళ్లకు పది వ్యాన్లు వస్తాయి, లోపలి గూడేనికి ఒక్కటీ పోదు. ముందు బ్లాకు కార్యాలయంలో ఏ ఊరికి ఏమి చేరిందో కనుక్కొని బయలుదేరడం మంచిది. చందా సొమ్ములో సగాన్ని మొదటి వారంలో ఖర్చు చేయకుండా మూడు నెలల తరువాతి పనికి ఉంచండి. పడిపోయిన జీడిమామిడి తోట, కొట్టుకుపోయిన వల, తడిసిన విత్తనం, ఇవన్నీ పత్రికలు మరచిన తరువాత మిగిలే నష్టాలు.

రక్తం, క్షయ, పిల్లల ఇళ్లు

డబ్బు లేనివారు కూడా ఇవ్వగలిగినది రక్తం. 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులలో పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. కొండ జిల్లాలలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్నవారికి మాటిమాటికీ రక్తం కావలసి వస్తుంది. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి దక్షిణ ఒడిశా అంతటికీ పెద్ద దిక్కు. నాయకుల పుట్టినరోజున ఒకేసారి రెండువందలమంది ఇవ్వడం కంటే, ఒక సంఘంలోని సభ్యులు నెలకు పదిమంది చొప్పున వంతులు వేసుకోవడం ఉపయోగం, ఎందుకంటే ఎర్ర రక్తకణాలను ఐదారు వారాలకు మించి నిలవ ఉంచలేరు.

క్షయ రోగులకు పోషకాహారం ఇచ్చే ని-క్షయ్ మిత్ర పథకం 2022 సెప్టెంబరులో మొదలైంది. వ్యక్తులు గాని, సంఘాలు గాని నమోదు చేసుకొని, అంగీకరించిన రోగికి కనీసం ఆరు నెలలు నెలనెలా ధాన్యం, పప్పు, నూనె, పాలపొడి లేదా వేరుశనగ వంటివి అందించాలి. మధ్యలో మానకపోవడమే ఇందులో ముఖ్యం. రోగి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం అసలు కూడదు. క్షయ అన్న మాట బయటపడితే ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి ఆగిపోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

పిల్లల ఇళ్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. 2015 నాటి బాల న్యాయ చట్టం కింద నమోదు కాని అనాథాశ్రమానికి ఏమీ ఇవ్వవద్దు. నమోదైన చోట కూడా పిల్లల ముఖాలు, పేర్లు బయటపెట్టడం ఆ చట్టం ప్రకారం నేరం. మన బిడ్డ పుట్టినరోజున కేకు కోసి వారితో పాట పాడించడం మనకు ముచ్చటగా ఉంటుంది గాని, నెలకు పదిమంది అపరిచితుల ఎదుట పాడవలసిన ఆ పిల్లల మనసు ఎవరూ అడగరు. ఆ ఖర్చుతో ఒక ట్యూషన్ ఉపాధ్యాయుడికి నాలుగు నెలల జీతం ఇవ్వవచ్చునేమో నిర్వాహకులను అడగండి. దిక్కులేని బిడ్డ కనిపిస్తే 1098కి ఫోను చేయాలి.

డబ్బు ఇచ్చే దారి

సంస్థకు బ్యాంకు ద్వారానే ఇవ్వడం అలవాటు చేసుకోండి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద సాధారణ సంస్థలకు ఇచ్చిన దానంలో సగానికి, అదీ ఆదాయంలో పదో వంతు పరిమితికి లోబడి, మినహాయింపు ఉండేది. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చినదానికి పూర్తి మినహాయింపు. రెండు వేల రూపాయలు మించిన నగదుకు, వస్తు రూపంలో ఇచ్చినదానికి మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ 80జి ప్రయోజనం అసలే వర్తించదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది గనుక సెక్షన్ల, ఫారాల సంఖ్యలు వేరుగా ఉంటాయి; మీ ఆడిటరును ఒకసారి అడగండి. రసీదు ఒక్కటే చాలదని, సంస్థ మీ పాన్ సంఖ్యతో వివరాలు దాఖలు చేసి ధ్రువపత్రం ఇవ్వాలని మాత్రం గుర్తుంచుకోండి.

విపత్తు వచ్చిన రోజుల్లో వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్లను నమ్మవద్దు. 2020లో పీఎం కేర్స్ నిధికి ఒక్క అక్షరం తేడాతో నకిలీ యూపీఐ చిరునామాలు పుట్టుకొచ్చాయి. డబ్బు పంపే ముందు తెర మీద కనిపించే ఖాతాదారు పేరును సంస్థ నమోదు పేరుతో పోల్చి చూడడం అర నిమిషం పని.

అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో పంపుతానంటే, వారిది ఏ పాస్‌పోర్టో ముందు అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. దానిని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు ఉన్న సంస్థ, న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతా ద్వారానే తీసుకోవాలి. మీ ఖాతాలో వేయించుకొని సంస్థకు ఇవ్వడం సులువుగా కనిపించినా, చిక్కు ఆ సంస్థకే తగులుకుంటుంది.

చివరిగా వాయిదాల సంగతి. ఇవ్వదలచినది ముప్పై వేలైతే, ఒకేసారి ఇవ్వకుండా మొదటి ఏట పదిహేను, రెండో ఏట ఎనిమిది, మూడో ఏట ఏడు వేలు అని మొదటే చెప్పి, ఆ మాట రాతలో ఉంచండి. రెండో వాయిదాకు ముందు ఊరికి వెళ్లండి. కార్తీకంలో కాకుండా, బావులు అడుగంటే చైత్ర వైశాఖాలలో వెళ్లండి, పని నిలిచిందో లేదో అప్పుడే తెలుస్తుంది. మొక్కలైతే ఎన్ని బతికాయో లెక్కపెట్టండి, పంపు అయితే కొట్టి చూడండి, మరమ్మతు ఖాతా పాసుపుస్తకం అడగండి. పని ఆగి ఉంటే కోప్పడి వాయిదా ఆపేయక, ఎందుకు ఆగిందో విని, ఆ డబ్బును దానిని సరిచేయడానికి మళ్లించండి. ఈ ప్రయాణాలకు బస్సు, జీపు, భోజనం కలిపి ఎంతవుతుందో అంచనా వేసి, దానిని కూడా దానం ఖర్చులో భాగంగా మొదటి రోజే రాసుకోండి.